వంటింటి మక్నీన్

ఆ శుక్రవారం కూడా లూనెస్ కాఫీ కొట్టు నుంచి పంజరం మీది గుడ్డ తీయకుండానే మెట్లెక్కి వచ్చాడు. గుడ్డ తీయలేదంటే పిట్ట పాడలేదని అర్థం. పాడి ఉంటే గుడ్డ భుజాన వేసుకుని, పంజరాన్ని ముందుకు చాచి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఒకరిని పలకరిస్తూ వచ్చేవాడు. బాబ్ ఎల్ ఊద్ పేటలో మగవాళ్లు గెలిస్తే అలా వస్తారు, ఓడితే ఇలా వస్తారు. ఇందులో దాపరికం ఏమీ లేదు.

జులీఖా వంటింటి గడపలో నిలబడి చూసింది. అడక్కుండానే అతను మొదలుపెట్టాడు.

"కుక్కిన పేనులా కూర్చుంది. అందరి పిట్టలూ గొంతులు చించుకుంటుంటే ఇది గింజలు తిని ముక్కు తుడుచుకుంది. బెల్కాసెం బాబాయి ఏమన్నాడో తెలుసా? 'ఒరే లూనెస్, పంజరంలో ఉన్నది పిట్టేనా, మీ ఆవిడ రంగేసి పెట్టిన వంకాయా' అన్నాడు. కొట్టంతా ఒకటే నవ్వు."

"నవ్వుకోనీ. ఇంట్లో పాడుతుంది కదా."

"ఎప్పుడు పాడుతుంది? నేను పనికి పోయాక పాడుతుంది. నేను రాగానే మానేస్తుంది. శుక్రవారం నేను ఇంట్లో ఉంటే అసలే పాడదు. నువ్వు చెబుతుంటే నేను వింటున్నాను, అంతేగా."

మాట అక్కడ ఆపాడు గానీ, ఆపిన మాట ఏమిటో జులీఖాకు వినిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెను అబద్ధాలకోరు అనలేదు. ఇప్పుడు కూడా అనలేదు. కానీ చెప్పులు విప్పి గోడవారగా పెట్టేటప్పుడు ఆమె మొహం చూడలేదు.

ఆమె పంజరం మీది గుడ్డ తీసింది. ఎర్రటి మొహం, రెక్క మీద పసుపు పట్టీ, నల్లటి తోక. చూడ్డానికి ఏ లోపమూ లేని మక్నీన్ జాతి పిట్ట. అది ఆమెను చూసి ఒక ఊచ మీద నుంచి ఇంకో ఊచ మీదికి గెంతింది. నోరు మాత్రం విప్పలేదు.

ఆ పేటలో మక్నీన్ లేని మగవాడికి కాఫీ కొట్టులో కుర్చీ ఉంటుంది గానీ మాట ఉండదు. లూనెస్ ఇళ్లకు సున్నాలు, రంగులు వేసే మనిషి. పొద్దంతా ఇంకొకళ్ల గోడల ముందు నిలబడతాడు. సాయంత్రం ఆ కొట్టులో తన పంజరం కింద కూర్చున్నప్పుడే అతను లూనెస్. అందుకే ఏటా వసంతంలో బెల్కాసెంతో కలిసి బైనెమ్ గుట్ట మీదికి వలలు మోసుకుపోయేవాడు. పిట్టలు తగ్గిపోయాయి, చట్టం గట్టిపడింది, అయినా పోయేవాడు. కిందటేడు అడవి కాపలావాళ్లు పట్టుకున్నారు. కాళ్లు ముసలివైనా బెల్కాసెం పారిపోయాడు, కాళ్లు బాగున్న లూనెస్ దొరికిపోయాడు. న్యాయమూర్తి జరిమానాతో వదిలిపెట్టి, మళ్లీ దొరికితే జైలేనని చెప్పాడు.

ఆ రాత్రి జులీఖా అన్నం ముందు ఏడవలేదు, అరవలేదు. "పిట్ట కావాలి, అంతేనా? నేను పుట్టిస్తాను" అంది.

లూనెస్ దగ్గర ఒక ముసలి మగ పిట్ట ఉండేది, ఇంక ఎన్నాళ్లో బతకదు. దాని పాటకి పేటంతా చెవులు కోసుకునేది. దానికి జోడీగా పంజరంలోనే పుట్టిన ఒక ఆడ పిట్టను పక్కవీధి నుంచి తెచ్చింది. దూది పీచు పెట్టింది, ఉడికిన గుడ్డు నలిపి పెట్టింది, తోటల పక్కన పెరిగే ముళ్లపూల గింజలు ఏరి పెట్టింది. నాలుగు పిల్లల్లో ఒకటి బతికింది. ఇప్పుడు పంజరంలో ఉన్న ఆ ఒక్క పిల్లకూ ముసలి పిట్ట శరత్కాలమంతా తన పాట అప్పగించి చలికాలంలో చనిపోయింది.

అప్పుడు లూనెస్ రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. ఈ పిల్ల కొట్టులో జరిగే వసంతం పోటీలో నిలబడి పాడితే ఇక జన్మలో వల ముట్టను. పాడకపోతే మర్నాడే బెల్కాసెంతో గుట్టకి పోతాను, నువ్వు అడ్డు రాకూడదు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది.

పోటీ వచ్చే శుక్రవారమే.

శనివారం పొద్దున్న లూనెస్ పని మానుకున్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లో పంజరం ఎదురుగా కూర్చున్నాడు. "ఇవాళ తేల్చుకుందాం. నువ్వూ కూర్చో" అన్నాడు. ఆమె కూడా చేతిలో పని వదిలేసి కూర్చుంది. పిట్ట వాళ్లిద్దరినీ చూసింది. వాళ్లు పిట్టను చూశారు. ముగ్గురూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఏదమ్మా, పాడవేం?" అంది జులీఖా పంజరంతో.

"బతిమాలకు. బతిమాలితే పాడేది పిట్ట కాదు, పెళ్లి బృందం."

మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించేదాకా చూశాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "సరే, తేలిపోయింది. పోటీకి తీసుకుపోతాను, మాట ఇచ్చాను కాబట్టి. ఆ మర్నాడు బాబాయితో పోతాను, అదీ మాట ఇచ్చాను కాబట్టి" అని చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

జులీఖాకు దుఃఖం వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది. ఆ రెంటికంటే ముందు, సాయంత్రానికి ఇవ్వాల్సిన కుస్కుస్ గుర్తుకొచ్చింది. ఆవిరి మీద ఉడికించుకునే ఆ రవ్వ పూసలు వీధిలో సగం ఇళ్లకు చేసి ఇచ్చేది ఆమే. పెద్ద కొయ్య పళ్లెం కాళ్ల మధ్యకు లాక్కుంది. రవ్వ పోసింది. ఉప్పునీళ్లు చిలకరించి అరచేతులతో గుండ్రంగా తిప్పింది. రవ్వ పూసలు కట్టాక జల్లెడలో పోసి పళ్లెం మీద ఆడించడం మొదలుపెట్టింది. సర్రు సర్రుమని రవ్వ రాలింది.

పిట్ట పాడింది.

మామూలుగా పాడటం కాదు. ముసలి పిట్ట పాట మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో గంటలు మోగినట్టుండే ఆ విరుపుతో సహా, రొమ్ము పొంగించి పాడింది. జులీఖా ఉలిక్కిపడి చెయ్యి ఆపింది. పిట్ట అందుకున్న చరణం పూర్తి చేసి ఊరుకుంది. ఆమె మళ్లీ జల్లెడ ఆడించింది. పిట్ట మళ్లీ అందుకుంది. ఆమె ఆపింది, పిట్ట ఆపింది. ఆడించింది, పాడింది.

ఆమెకు నవ్వొచ్చింది. ఒక్కతే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. గోడ అవతలి నుంచి పొరుగింటి దహ్బియా వచ్చింది.

"ఏమైందే? మొగుడు అలిగి పోతే ఇంత నవ్వుతారా ఎవరైనా?"

"అక్కా, ఇటు రా. ఈ జల్లెడ ఆడించు."

దహ్బియా ఆడించింది. పిట్ట తల ఒక పక్కకు వంచి విని, తోక తిప్పుకుని కూర్చుంది.

"నా చెయ్యి నచ్చలేదు దీనికి" అంది దహ్బియా. "మా అత్తగారికీ నచ్చేది కాదులే."

అప్పుడు జులీఖాకు మొత్తం అర్థమైంది. ఆ పేటలో మక్నీన్ పిల్లను పెంచేవాళ్లు దాన్ని లోపలి గదిలో, గుడ్డ కప్పి, చీమ చిటుక్కుమనకుండా ఉంచుతారు. గురువు పిట్ట పాట తప్ప ఇంకో చప్పుడు చెవిన పడకూడదని వాళ్ల పట్టింపు. పిచ్చుక కూత ఒక్కటి పట్టుబడిందా, ఆ గొంతు చెడినట్టే. జులీఖా ఇంట్లో లోపలి గది ఎక్కడుంది? ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. గూడు వంటింట్లోనే పెట్టింది, సరిగ్గా తన పళ్లానికి పైన. జల్లెడ చప్పుడు మొదలైతే ముసలి పిట్ట ఆ చప్పుడును మించి గొంతెత్తి పాడేది. పిల్ల దాని దగ్గర పాట నేర్చుకుంది, పాడవలసిన వేళ కూడా నేర్చుకుంది. శుక్రవారం ఆమె రవ్వ ముట్టదు, ముందే చేసినదాన్ని ఆవిరి మీద వండుతుంది. అందుకే లూనెస్ ఇంట్లో ఉన్న రోజు అది నోరు మెదపలేదు.

సాయంత్రం లూనెస్ వచ్చేసరికి ఆమె పళ్లెం ముందు సిద్ధంగా ఉంది. కూర్చోమని సైగ చేసింది. జల్లెడ ఆడించింది. పిట్ట అందుకోగానే లూనెస్ నిలబడ్డచోటే గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారిపోయాడు. గోడ సున్నం చొక్కాకంతా అంటింది.

"మన ముసలాడే" అన్నాడు చివరికి. "ఆ విరుపు... మన ముసలాడిదే."

"నేను అబద్ధాలు చెబుతానా?"

"నేనలా అన్నానా?"

"అనలేదు. అనుకున్నావు."

అతను జల్లెడ చేతిలోకి తీసుకున్నాడు. "నేను ఆడిస్తా. పోటీలో నేనే కదా ఉండాలి." ఆడించాడు. రవ్వలో సగం అతని ఒళ్లో పడింది. పిట్ట ఆ రవ్వ వంక చూసింది, పాడలేదు. ఫోన్‌లో ఆమె జల్లెడ చప్పుడు రికార్డు చేసి వినిపించాడు. పిట్ట వీపు తిప్పేసింది.

"ఇంకేముంది, నేనే వస్తాను" అంది జులీఖా.

"అక్కడికి ఆడవాళ్లు రారు."

"రాకూడదని ఎవరన్నారు?"

లూనెస్ ఆలోచించాడు. "ఎవరూ అనలేదు. ఎవరూ రాలేదు, అంతే."

"అయితే నేను వస్తాను."

శుక్రవారం పొద్దున్న కాఫీ కొట్టు వెనక పెరట్లో పంజరాలన్నీ గోడకు మేకులకు వేలాడుతున్నాయి. మగవాళ్లు గోడకు దూరంగా కుర్చీల్లో, గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ముందు లూనెస్ పంజరంతో, వెనక జులీఖా చంకలో కొయ్య పళ్లెంతో, ఆ వెనక దహ్బియా రవ్వ సంచీతో లోపలికి వచ్చేసరికి ఆ తగ్గించిన గొంతులు కూడా ఆగిపోయాయి.

"లూనెస్, దారి తప్పావా నాయనా? వంటిల్లు అటువైపు" అన్నాడు ఒకడు.

బెల్కాసెం కుర్చీలోంచి లేవలేదు. తెల్ల మీసం, గుట్టలెక్కి ఎండిపోయిన కాళ్లు, వల ముడులు వేసి వేసి వంకరపోయిన వేళ్లు. అతని పిట్ట సుల్తాన్ వరసగా రెండేళ్లు గెలిచింది. "ఇదేం కొత్త వేషం?" అన్నాడు.

లూనెస్ దాచకుండా చెప్పాడు. తన పిట్ట జల్లెడ చప్పుడుకి పాడుతుందన్నాడు. తన చేతి జల్లెడకు కాదని, ఆమె చేతి జల్లెడకని చెప్పాడు. నవ్వు పెరడంతా పాకింది. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ తల దించలేదు.

తీర్పు చెప్పేది కొట్టు యజమాని అర్జకీ. నిండైన మనిషి, ఎప్పుడూ భుజాన తువ్వాలు ఉంటుంది. బెల్కాసెం అతనివైపు తిరిగాడు. "ఏమంటావు అర్జకీ? ఇది కుదరదని చెప్పు."

అర్జకీ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పిట్టకు ఈల వేయకూడదు. చిటికె వేయకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. ఆడ పిట్టను చూపించకూడదు. ఇవీ మన కట్టుబాట్లు. కుస్కుస్ చేయకూడదని మా నాన్న కాలం నుంచీ నేనైతే వినలేదు."

"రేపు ఇంకొకడు పొట్టేలును తెచ్చి ఇక్కడే కోస్తాడు. అదీ వినలేదంటావా?"

"కోస్తే మాంసం తింటాం, తప్పేముంది" అన్నాడు అర్జకీ. ఈసారి నవ్వు ఇటువైపు తిరిగింది. "అయినా బాబాయ్, నీ మాటా తీసేయను. ఆ అమ్మాయి పని మొదలుపెడుతుంది. పిట్టలు గొంతు విప్పాక నేను చెయ్యి ఎత్తుతాను. ఎత్తగానే జల్లెడ ఆగిపోవాలి. అక్కడి నుంచి పాడిన పాటే లెక్కలోకి వస్తుంది. ఒప్పేనా?"

"ఒప్పే" అన్నాడు బెల్కాసెం, మీసం కింద నవ్వుతూ.

జులీఖా లూనెస్ వైపు చూసింది. లూనెస్ ఆమె వైపు చూశాడు. చెయ్యి ఆగితే పిట్ట ఆగుతుందని వాళ్లిద్దరికీ తెలుసు.

"ఒప్పే" అంది జులీఖా. వచ్చింది వెనక్కి పోవడానికి కాదు.

చాప వేసుకుని కూర్చుంది. నీళ్లు చిలకరించింది. అన్ని కళ్లు చేతుల మీదే ఉంటే చేతులు కూడా సిగ్గుపడతాయి కాబోలు, రవ్వ ఉండలు ఉండలుగా కట్టింది. జల్లెడ అందుకుంది గానీ చెయ్యి ఆడే తీరు ఇంట్లోలా లేదు, తడబడుతోంది. పిట్ట మేకుకు వేలాడే పంజరంలో అటూ ఇటూ గెంతి ఊరుకుంది.

"దానికి ఆకలవుతున్నట్టుంది, పెట్టండమ్మా" అన్నాడు ఎవరో.

జులీఖా తల ఎత్తలేదు. ఈ కుస్కుస్ మధ్యాహ్నం ఇక్కడివాళ్లే తింటారు, కనుక బాగా రావాలి, అంతే అనుకుంది. ఉండలు చిదిపింది, పొడి రవ్వ చల్లింది, మళ్లీ తిప్పింది. పూసలు కట్టాయి. భుజాల బరువు దిగింది. జల్లెడ తన దారిన తాను ఆడింది. సర్రు సర్రు, సర్రు సర్రు.

గోడ మీద ఎర్రమొహం పైకి లేచింది. పాట బయటికి వచ్చింది.

ముసలి పిట్టను ఎరిగినవాళ్లు ఆ పెరట్లో చాలామందే ఉన్నారు. ఒకాయన నోటిదాకా వచ్చిన కాఫీ గ్లాసును అలాగే పట్టుకుండిపోయాడు. "ఇది వాడి పాటే కదరా" అని ఇంకొకాయన పక్కవాడి మోకాలు నొక్కాడు. పౌరుషం వచ్చి సుల్తాన్ కూడా అందుకుంది. మిగతా పంజరాలూ అందుకున్నాయి.

అర్జకీ చెయ్యి ఎత్తాడు.

జులీఖా జల్లెడ ఆపింది. ఆమె పిట్ట చరణం పూర్తి చేసి నోరు మూసుకుంది.

పెరట్లో సుల్తాన్ గొంతు పైన ఉంది, మిగతావి కింద ఉన్నాయి. బెల్కాసెం వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు. "వంటింటి పిట్ట వంట అయ్యేదాకే" అన్నాడు. లూనెస్ మాత్రం నేలను చూస్తున్నాడు. జులీఖా జల్లెడ అంచు పట్టుకుని, దాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి కదిలించాలన్న కోరికను పళ్లు కరిచి ఆపుకుంది. కదిలిస్తే ఎవరికీ వినిపించకపోవచ్చు. కానీ మాట ఇచ్చింది.

సుల్తాన్ ఒక చరణం పాడింది. రెండోది పాడి చివర్లో గొంతు సాగదీసింది, ఎదుటివాడి గుమ్మం ముందు నిలబడి సవాలు విసిరినట్టు. జులీఖా పిట్ట తల తిప్పి అటు చూసింది. ఇన్ని శుక్రవారాలు ఆ పాట వింటూనే ఉంది, అప్పుడు దాని గొంతు తెరుచుకోలేదు. ఇవాళ తెరుచుకుని, వేడెక్కి ఉంది. రెక్కలు కాస్త విదిల్చి ఊచ చివరికి వచ్చింది. సుల్తాన్ ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచి అందుకుంది.

జల్లెడ లేదు, ఏ చప్పుడూ లేదు. ఉత్త గొంతు.

సుల్తాన్ పైకెత్తింది. ఇది ఇంకా పైకెత్తింది. సుల్తాన్ ఆ గంటల విరుపు దగ్గర తడబడింది, ఇది దాన్ని రెండుసార్లు తిప్పి వదిలింది. గోడ మీది పంజరాలు ఒక్కొక్కటే చల్లబడ్డాయి. మిగిలింది రెండే. ఆ రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటుంటే మనుషులు కుర్చీల అంచుకు వచ్చేశారు. ఒక చరణం మధ్యలో సుల్తాన్ ఆగి, ఏదో పని గుర్తొచ్చినట్టు గింజల గిన్నె దగ్గరికి దిగింది. జులీఖా పిట్ట దాన్ని పట్టించుకోలేదు. తన ఒక్కదాని కోసమే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

పాట ముగిసింది. అర్జకీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గెలిచిన పిట్ట కింద నిలబడి, అక్కడి ఆనవాయితీ ప్రకారం గట్టిగా అడిగాడు.

"ఈ పిట్ట ఎవరిది?"

అందరూ లూనెస్ వైపు తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు. సంవత్సరమంతా ఈ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూసిన మనిషి.

"జులీఖాది" అన్నాడు. "గుడ్డు నుంచి ఆమెదే. నేను పంజరం మోసేవాణ్ణి."

ఆ మాటకి దహ్బియా గుమ్మం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెళ్లిళ్లలో ఆడవాళ్లు తీసే కేక తీసింది. ఆ పెరట్లో అలాంటి కేక ఎప్పుడూ వినపడలేదు. పై అంతస్తుల బాల్కనీల్లోంచి ఎవరి పెళ్లో తెలియకుండానే మరికొందరు ఆడవాళ్లు అందుకున్నారు. మగవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. అర్జకీ జులీఖా ముందు వంగి, "అమ్మాయ్, మీ పిట్ట గెలిచింది. ఇంక ఆ రవ్వ పని కానిస్తే మేమూ గెలుస్తాం" అన్నాడు.

బెల్కాసెం లూనెస్ దగ్గరికి వచ్చాడు. చాలాసేపు మీసం నిమురుకున్నాడు. "రేపు పొద్దున్న బయల్దేరదామనుకున్నాం" అన్నాడు.

"నేను రాను బాబాయ్."

"రావని తెలుసు. నేనొక్కణ్ణీ ఆ గుట్ట ఎక్కలేను." మీసం మీంచి చెయ్యి తీసి, "పోయిన వసంతానికే అక్కడ పిట్టలు అయిపోయాయి. నాకు తెలుసు. నీకు చెప్పలేదు" అన్నాడు.

పదిరోజులు తిరక్కుండానే బెల్కాసెం ఆయాసపడుతూ జులీఖా ఇంటి మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి నాలుగుసార్లు దగ్గాడు. ఈ వేసవిలో పుట్టబోయే పిల్లల్లో తనకొకటి కావాలన్నాడు. ఎలా పెంచాలో కూడా చెప్పమన్నాడు. ఆ మాట మాత్రం గోడకేసి చూస్తూ అన్నాడు.

"పిల్లను ఇస్తాను. చెబుతాను కూడా" అంది జులీఖా. "నీ వలలు ఎక్కడున్నాయి బాబాయ్?"

"మంచం కింద."

"తీసుకురా. డాబా మీద టమాటా మొక్కలు పెట్టాను, పిచ్చుకలు బతకనివ్వడం లేదు. వాటి మీద కప్పుతాను."

బెల్కాసెం తన చెవులను నమ్మలేనట్టు ఆమెను చూశాడు. "నలభై ఏళ్లు మక్నీన్ పట్టిన వలలు. టమాటాల మీదా?"

"పిల్ల కావాలా, వద్దా?"

మర్నాడు డాబా మీద కుండీల చుట్టూ కర్రలు పాతుతున్నది లూనెస్. వల విప్పి పరుస్తున్నది బెల్కాసెం. "అలా కాదురా, వల కన్ను బిగుసుకోవాలి, పిచ్చుక తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే" అని ప్రతి ముడికీ లూనెస్‌ని తిడుతూ, ఆ ముడి మళ్లీ తనే విప్పి తనే వేస్తున్నాడు. కింద వంటింట్లో జల్లెడ ఆడుతోంది. పిట్ట పాడుతోంది.

"నోరు మూసుకుని కాసేపు విను బాబాయ్" అన్నాడు లూనెస్.

ముసలాయన ముడి మధ్యలో వేళ్లు ఆపి విన్నాడు.